వెనక కూర్చునేవాళ్లు

ఇవాళ పాత గిటార్ల కొట్లో 1930ల నాటి ఎపిఫోన్ ఆర్చ్‌టాప్ ఒకటి చేతికిచ్చారు. (ధర అడక్కండి, విని గమ్మున పెట్టేసొచ్చా.)
సెల్యులాయిడ్ పిక్‌గార్డ్ పొడిపొడిగా రాలిపోతోంది. దాని పక్క లోహానికంతా చిలుము.
కానీ మీటగానే... అబ్బ! ఖంగుమంది.

ఆర్చ్‌టాప్ పైభాగంలో స్ప్రూస్ చెక్కని వయొలిన్‌లా వంపుగా చెక్కింది అందానికి మాత్రమే కాదు. ఆంప్లిఫయర్లు లేని రోజుల్లో ట్రంపెట్ల హోరులోంచి వినపడాలి కదా!
1922లో గిబ్సన్ ఎల్-5 గిటార్ చూపించిన దారి అది.

ఈ గిటార్ పట్టుకోగానే గుర్తొచ్చింది ఫ్రెడ్డీ గ్రీన్.
కౌంట్ బేసీ జాజ్ బ్యాండ్‌లో 1937 నుంచి దాదాపు యాభై ఏళ్లు ఇలాంటి గిటార్ మీదే రిథమ్. సోలోలు లేనట్టే. ఆ రికార్డుల్లో ఆయన్ని పట్టుకోవాలంటే చెవులు రిక్కించాలి.

నాకెందుకో ఇలాంటివాళ్లంటేనే ఇష్టం. మన కచేరీల్లో వెనక తంబూరా మీటేవాళ్లని కూడా అలాగే చూస్తుంటా.

మీకూ అలా నచ్చినవాళ్లెవరైనా ఉన్నారా? రాయండి, వింటా.