మా వాకిట వాక్కాయ

పార్వతీపురంలో మా పెంకుటింటి ముందు మేకల బాధ పడలేక మా మామ్మ వాక్కాయ కంచె వేసింది. సంతకు కొండల మీంచి వచ్చిన పళ్ళు కొని, గింజలు ఎండిపోతే మొలవవని, తిన్న రోజే నాటించింది. జంట ముళ్ళు, గిల్లితే పాలు. మేక మూతి పెట్టదు. నీళ్ళు లేకపోయినా చావదు.

సంక్రాంతి సెలవులకు హాస్టలు నుంచి వెళ్ళినప్పుడల్లా నాకొకటే సరదా: బంగళా తోటల్లో కంచెలాగ దాన్ని బల్లపరుపుగా కత్తిరించడం. వీధివాళ్ళు మెచ్చుకునేవారు. మామ్మ మాత్రం ఆషాఢంలో కొమ్మలన్నీ వెతికి, "పప్పులోకి నాలుగు కాయలైనా లేవురా" అనేది. నేల లోపమేమోనని పశువుల ఎరువు వేయించాను. లాభం లేకపోయింది.

ఒక ఏడాది పరీక్షలుండి పండక్కి వెళ్ళలేదు. మార్చిలో వెళ్తే కంచె జుట్టు విరబోసుకుని, కొసకొసకీ మల్లెల్లాంటి పూలతో ఘుమఘుమలాడుతోంది! తొలకరికి గులాబిరంగు కాయలు. వాక్కాయ పూసేది కొమ్మల చివరనే. పూతకొచ్చే ముందే ఏటా నేను ఆ చివళ్ళు కోసి పారేస్తున్నానన్నమాట. వృక్షశాస్త్రం చదువుతూ కూడా నాకిది తట్టలేదు!

"నువ్వు రాకపోడమే ఎరువైనాదిరా బాబూ" అని మామ్మ నవ్వింది.

అప్పట్నుంచీ కత్తెర పట్టేది కాయలన్నీ అయ్యాకే. మామ్మ చేతి వాక్కాయ పప్పు మాత్రం రెండేళ్ళే తిన్నాను. కంచె వంకరగానే ఉంది. కత్తిరించవేం అని ఎవరైనా అడిగితే, గుప్పెడు కాయలు చేతిలో పెడతాను.