వేళ్ళ మాట వినండి

మూడేళ్ళ క్రితం రథసప్తమికి మా ఊరి గుడిలో 108 సూర్యనమస్కారాలు పెట్టారు. అప్పటికే నెల రోజులుగా నా ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతున్నాయి. ల్యాప్‌టాప్ వల్లేమో అనుకున్నాను. పేరిచ్చాక వెనక్కి తగ్గడం నామోషీగా అనిపించింది. నలభయ్యో నమస్కారం నుంచి, తలెత్తినప్పుడల్లా భుజం నుంచి వేళ్ళదాకా కరెంటు షాకులా జిల్లుమనేది. అయినా 108 పూర్తిచేశాను. ఆ రాత్రి ఫ్రిజ్‌లోంచి దోసెల పిండి గిన్నె తీస్తుంటే చెయ్యి పట్టు వదిలేసింది.

మర్నాడే డాక్టర్ దగ్గరికెళ్ళాను. మెడలో ఐదు, ఆరు పూసల మధ్య డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని ఎమ్మారైలో తేలింది. "కదలకుండా పడుకోవే" అని ఫోన్‌లో అమ్మ. "నాకు శీర్షాసనంతోనే తగ్గింది" అని ఒక స్నేహితురాలు. రెండూ వద్దంది ఫిజియోథెరపిస్ట్. ఎక్కువ రోజులు పడుకుంటే కండరాలు నీరసిస్తాయి, శీర్షాసనంలో మెడ మీద చాలా బరువు పడుతుంది.

ఆవిడ నేర్పిన మొదటి సూత్రం ఇది: వ్యాయామం చేస్తున్నప్పుడు నొప్పి చేతిలోంచి పైకి, మెడవైపు వస్తుంటే మంచి గుర్తు. మెడలోంచి కిందికి, వేళ్ళవైపు పాకుతుంటే వెంటనే ఆపెయ్యాలి.

నడకతో మొదలుపెట్టాను, పూటకి పది నిమిషాలు. తర్వాత నిటారుగా కూర్చుని, తల ఎత్తకుండా, దించకుండా గడ్డాన్ని వెనక్కి లాగి ఐదు లెక్కపెట్టడం, అలా పదిసార్లు. ఆపైన వీపు మీది రెక్కల ఎముకలు రెండూ దగ్గరికి తేవడం. సర్వాంగాసనం, హలాసనం, తలని గుండ్రంగా తిప్పడం, తలపైకి బరువులెత్తడం మానేశాను. మూడు నెలలకి తిమ్మిరి పోయింది. చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుందట.

కానీ ఎవరి మెడ వాళ్ళది. నాకు నప్పినవి మీకు నప్పకపోవచ్చు, ముందు డాక్టర్‌కి చూపించుకోండి. చెయ్యి బలం తగ్గుతున్నా, నడక తూలుతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా ఒక్కరోజు కూడా ఆగకండి.

ఈ ఏడు రథసప్తమికి మెడ వెనక్కి వంచకుండా, నెమ్మదిగా పన్నెండు చేసి కూర్చున్నాను. ముందు వరసలో ఒకావిడ మాటిమాటికీ చెయ్యి విదిలించుకుంటోంది. దగ్గరికెళ్ళి, "వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా అండీ?" అనడిగాను. "ఇంకో ముప్ఫయ్యే ఉన్నాయిలెండి" అంది.

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను.