శుభలేఖలోని పాతమాట

పెండ్లి ముహూర్తము కుదిరిన వెంటనే మన యిండ్లలో నొక వింత జరుగును. సెల్‌ఫోనులో ముక్కమాటలతో సందేశములు పంపువారు సైతము, శుభలేఖ వ్రాయ గూర్చుండగనే "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు" అని మొదలిడుదురు. "మా అమ్మాయి పెళ్ళికి రండి" యనుటకు మారుగా "బంధుమిత్ర సపరివారముగా విచ్చేయ ప్రార్థన" యందురు. ఇది యలవాటున జరుగు పని గాదు. కావలెనని పాతతీరును దెచ్చి పెట్టుకొనుటయే.

దీనిని జూచి నవ్వువారు గలరు. నాకు మాత్రము నవ్వు రాదు. పెండ్లినాడు పెట్టె యడుగునున్న పట్టుచీర దీయుదుము గదా, మాటయు నట్టిదే.

పాత ననుకరించుట మన భాషకు గ్రొత్త గాదు. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను, 1858లో బాలవ్యాకరణమును వెలువరించినపుడు, తనకాలపు జనుల నోటి తెలుగును గాక పూర్వకవుల కావ్యములలోని తెలుగునే ప్రమాణముగా గైకొనెను. ఆ వచనపు సొగసు కాదనరానిది. కాని బడిపిల్లలకు, క్రొత్తగా నక్షరములు నేర్చు స్త్రీలకు నదియే యేకైక మార్గమైనపుడు చదువు కొఱుకుడుపడని దయ్యెను. అందుచేతనే గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) వాడుకభాషకై యంతగా పోరాడిరి. వారు జన్మించిన ఆగస్టు 29వ తేదీనే నేడు తెలుగు భాషాదినోత్సవము జరుపుకొనుచున్నాము. పట్టుచీర పండుగనాడు ముచ్చట. దినదినము పొయ్యివద్ద గూడ నదియే కట్టుకొమ్మన్నచో శిక్ష.

పాతతీరుతో బాటు పాత కట్టుబాటును వచ్చి చేరుట మఱియొక చిక్కు. వధువు పేరునకు ముందు చి.ల.సౌ. అని వ్రాయుదుము. చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి యని దాని యర్థము. పూర్వపు టుత్తరములలో భర్తను గోల్పోయిన స్త్రీ పేరునకు ముందు గం.భా.స. అని యుండెడిది, అనగా గంగాభాగీరథీ సమానురాలు. పోలిక పవిత్రమైనదే కాని, యామె వైధవ్యమును జాబు ముట్టిన ప్రతివానికి జాటెడి గుర్తది. పురుషునకో, భార్య యున్నను లేకున్నను మ.రా.రా.శ్రీ. యే!

ఆ యక్షరములు నేడు దాదాపు మాసిపోయినవి. కాని సంప్రదాయమను పేర భర్త లేని తల్లి పేరును శుభలేఖనుండి తొలగించు నిండ్లు నేటికిని గలవు. మా బంధువుల యింట నిటీవల నిట్టి సమస్యయే వచ్చినది. కుట్టుపని చేసి కుమార్తెను జదివించిన తల్లి, "నా పేరెందుకే, మీ బాబాయి, పిన్నుల పేర్లు వేయించు" అన్నది. పిల్ల యొప్పుకొనలేదు. శ్రీరస్తు మొదలు ముగింపువఱకు పాతమాటలన్నియు నట్లే యుంచి, యాహ్వానించువారిలో దల్లిపేరు ముందును, పినతండ్రి దంపతుల పేర్లు తరువాతను వేయించినది. ఆ శుభలేఖ యందుకొన్న పెద్దలలో నొక్కరును తప్పుపట్టలేదు. తల్లి మాత్ర మొక ప్రతిని దేవునిగూటిలో దాచుకొన్నది.

సోదరీమణులారా! పాతమాటలను విడువవలసిన పని లేదు. చి.ల.సౌ. యన నేమో మన పిల్లలకు జెప్పుదము. శుభలేఖను అచ్చునకిచ్చుటకు ముందు ఇంటివారందఱ నడుమ నొకసారి బిగ్గరగా జదువుదము. అందులో నెవరి పేరు లేదో, యే మాట యెవరి మనస్సును నొప్పించునో యప్పుడే తెలియును. దిద్దుకొనుటకు నదియే సమయము.