వేదాద్రి రేవులో చలి మునక

విజయవాడ నుంచి హైదరాబాద్ హైవేలో వస్తే నందిగామ తర్వాత చిల్లకల్లు. నేరుగా పోతే జగ్గయ్యపేట, ఎడమకు తిరిగితే వేదాద్రి. కృష్ణ ఒడ్డున యోగానంద నరసింహస్వామి గుడి. ఇక్కడి ఐదు నరసింహ రూపాల్లో సాలగ్రామ నరసింహుడు ఏటి నీళ్లలోనే ఉన్నాడని స్థలపురాణం.

కార్తీకంలో తెల్లారకముందే ఇక్కడ మునకలు మొదలు. చలి ఎందుకంత పడుతుందంటే, గాలికంటే నీరు ఒంటి వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. 25 డిగ్రీల గాలి హాయి. అదే 25 డిగ్రీల నీళ్లలో కాసేపుంటే వణుకు.

అందుకే వెచ్చదనం ఒడ్డునే సంపాదించుకోవాలి. నాలుగడుగులు చకచకా నడవండి, చేతులు తిప్పండి. ఒక్కసారిగా దూకొద్దు. చల్లటి నీళ్లు తగలగానే ఊపిరి ఎగబీలుస్తాం. అప్పుడు నోరు నీళ్లలో ఉంటే ప్రమాదం. కాళ్లు, చేతులు, ముఖం తడుపుకుంటూ మెల్లగా దిగండి.

స్విమ్మింగ్ పూల్‌లో అయితే టోపీ పెట్టుకుని, ఆగకుండా ఈదితే వేడి నిలుస్తుంది. ఇది నది. లోతు, ప్రవాహం కళ్లకు తెలియవు. చలికి బిగుసుకుపోయిన చేతులు ఎంత ఈతగాడికైనా సాయం రావు. మెట్ల దగ్గరే మూడు మునకలు చాలు. పళ్లు టకటకలాడాయా, వెంటనే బయటికి!

వచ్చాక ముందు తల తుడుచుకుని పొడి బట్టలు వేసుకోండి. వేడి టీ, సెల్ఫీ ఆ తర్వాతే.