ఊదొత్తి పొగ

మా ఇంటి వంటగదిలో పొయ్యికి పైగా, గోడలో గుండ్రటి రంధ్రం తొలిపించి బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి ఉండేది. 2022 జూన్‌లో ఒక ఆదివారంనాడు దానిని నేనే విప్పి తీసివేశాను. చూసిన వారందరికీ పాడైపోయిందని చెప్పాను. అది పాడు కాలేదు. అసలు కారణం మా నాయనకు ఒక్కడికే తెలుసు. ఇన్నేళ్ళ తరువాత ఇక్కడ వ్రాసుకుంటున్నాను.

మా ఇల్లు తిరుపతిలో, బైరాగిపట్టెడలో. పెద్దదేమీ కాదు. నడుమ హాలు, తూర్పున ఒక పడకగది, పడమట ఒక చిన్న గది, హాలుకు వెనుక వంటగది. రెండు ప్రక్కలా పొరుగువారి గోడలు మా గోడలకు దాదాపు ఆనుకునే ఉంటాయి. డాబా మీదికి వెళ్తే శేషాచలం కొండలు కనిపిస్తాయి గానీ, ఆ కొండగాలి క్రింది గదులలోకి దిగిరావడం మటుకు నేనెన్నడూ ఎరుగను.

2021 మే 2వ తేదీ రాత్రి నాకు జ్వరం తగిలింది. నాలుగవ తేదీన కరోనా అని తేలింది. ఆ మరునాటి నుండి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 గంటలకే కర్ఫ్యూ. నా భార్యాపిల్లలు చిత్తూరులో మా అత్తగారింట ఉండిపోయారు. ఇక్కడ మిగిలినది అమ్మ, నాయన, నేను. ఫోనులో వైద్యుడు తూర్పు గదిలో విడిగా ఉండమనీ, గది కిటికీ తెరిచి ఉంచమనీ చెప్పాడు. నేను అక్షరాలా పాటించాను. తూర్పు గది కిటికీ బార్లా తెరిచాను, తలుపు మూసుకున్నాను. హాలు కిటికీలు, పడమటి గది కిటికీ మాత్రం మూయించాను. అంతకు రెండు రోజుల ముందే ఎదురింటి ముందు అంబులెన్సు ఆగింది, అక్కడి గాలి మన ఇంట్లోకి రాకూడదని నా భయం. డిగ్రీ కళాశాలలో ఇరవై యేళ్ళకు పైగా భౌతికశాస్త్రం చెప్పినవాడిని. ఇంటి గాలి గురించి నేను ఆలోచించినది ఇంతే.

అమ్మ ఒప్పుకోలేదు. తలుపు అవతల నుండి, "ఇంత ఉక్కలో కిటికీలన్నీ మూస్తే ఎట్లరా? గాలి ఆడాల నాయనా. ఆరోగ్యవరంలో మా మామను చలికాలంలో గూడా వరండాలోనే పండబెట్టినారు," అన్నది.

ఆరోగ్యవరం సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర, సుమారు 700 మీటర్ల ఎత్తున, 1915లో యూనియన్ మిషన్ క్షయ శానటోరియం ప్రారంభమైంది. డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి సూపరింటెండెంటు. స్ట్రెప్టోమైసిన్ రాకమునుపు క్షయకు మందంటే ఏముంది? విశ్రాంతి, తిండి, గాలి. అందుకే పొడిగాలి ఉన్న చోటు వెదికి కట్టారు. మన దేశంలో బీసీజీ టీకాలు మొదలైనది కూడా మదనపల్లెలోనే, 1948లో. అమ్మ మేనమామ 1950లలో అక్కడ ఉన్నాడు. చూడబోయిన అమ్మకు అప్పుడు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. వరుసగా మంచాలు, కంబళ్ళు కప్పుకున్న మనుషులు, తలుపులు లేని వరండా: ఆమెకు గుర్తున్నది ఆ మూడే. మామ బ్రతికి ఇంటికి వచ్చాడు గనుక, ఆమె లెక్కలో గాలి అనేది మందుల జాబితాలో చేరిపోయింది.

"అది క్షయ అమ్మా, ఇది వేరే. ఇది తుంపర్లతో వస్తుంది, ఆరడుగులు దాటదు," అన్నాను. లోపలి నుండి అరిచి మరీ చెప్పాను.

ఆ మాట నా సొంతం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 28న, ఈ వ్యాధి గాలి ద్వారా వ్యాపించేది కాదని గట్టిగా ప్రకటించింది. ఆ జులైలో 239 మంది శాస్త్రవేత్తలు కాదు కాదంటూ బహిరంగ లేఖ వ్రాశారు. లిడియా మొరావ్‌స్కా, డొనాల్డ్ మిల్టన్ దానికి ముందు నడిచినవారు. గాలిలో తేలియాడే సూక్ష్మ కణాల సంగతిని ఆ సంస్థ తన సమాచార పుటలలో స్పష్టంగా చేర్చేసరికి 2021 ఏప్రిల్ నెలాఖరు అయింది, అంటే నాకు జ్వరం రావడానికి రెండు రోజుల ముందు. మేము అప్పటికీ కూరగాయలను ఉప్పునీళ్ళలో కడుగుతున్నాము, పాల ప్యాకెట్టును సబ్బుతో తోముతున్నాము.

తొమ్మిదవ తేదీన నాయనకూ వచ్చిందని తెలిసింది. నేనొక నిర్ణయం తీసుకున్నాను. ఇద్దరికీ ఉన్నదే గదా, ఇద్దరమూ ఒకే గదిలో ఉంటే మిగిలిన ఇల్లు అమ్మకు శుభ్రంగా ఉంటుంది అని. నాయన మంచం కూడా తూర్పు గదిలోకి వచ్చింది. అమ్మ హాలులో పడుకునేది. తెల్లవారక ముందే లేచి వంటగదిలో మిరియాల కషాయం కాచేది, మూడు పూటలా వండేది. మిరియాల ఘాటుకు, తాళింపు పొగకు ఆమెకు దగ్గు. అందుచేత పొయ్యి వెలిగినంతసేపూ ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరిగేది. గదిలో పడుకున్న మాకు ఆ రొద వినిపిస్తుంటే, అమ్మ వంట చేస్తున్నదిలే అని నిశ్చింతగా ఉండేది.

పదమూడవ తేదీన అమ్మకు జ్వరం. పదిహేడున ఆసుపత్రి. మూసిన గదులలో గాలి ద్వారా వ్యాపించడం గురించీ, కిటికీలు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఎట్లా ఉండాలన్న దాని గురించీ కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు కార్యాలయం బొమ్మలతో సహా సూచనలు విడుదల చేసినది మే 20న. 28వ తేదీన అమ్మ పోయింది. నాయన, నేను కోలుకున్నాము.

ఏడాది గడిచింది. 2022 మే నెలలో దినపత్రికలో ఒక వార్త చూశాను. హైదరాబాదులోని సీసీఎంబీ, చండీగఢ్‌లోని ఇమ్‌టెక్ శాస్త్రవేత్తలు హైదరాబాదు, మొహాలీ నగరాలలో కరోనా రోగులు ఉన్న చోట్ల గాలిని పట్టి పరీక్షించారనీ, ఆ ఫలితాలు 'జర్నల్ ఆఫ్ ఏరోసోల్ సైన్స్'లో వచ్చాయనీ. ఆసుపత్రుల సంగతి అలా ఉంచండి. ఇంట్లోనే విడిగా ఉన్న రోగుల ఇళ్ళలోని గాలిని కూడా పట్టారన్న వాక్యం దగ్గర నా చూపు ఆగిపోయింది. శివరంజని మొహరీర్ మొదటి రచయిత్రి, అంతకు మునుపు సీసీఎంబీ సంచాలకుడిగా ఉన్న రాకేశ్ మిశ్రా రచయితలలో ఒకరు. అంతర్జాలంలో వ్యాసం దొరికింది.

గాలిలో వైరస్‌ను వెదకడం ఎంత కష్టమో ఒక్క లెక్క చెబుతాను. మా తూర్పు గది పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు. అంటే దాదాపు 34,000 లీటర్ల గాలి. అందులో కంటికి కనిపించని కణాలు ఎక్కడో కొన్ని. పంపుతో గాలిని చాలాసేపు ఒక వడపోత బిళ్ళ గుండా లాగుతారు. బిళ్ళకు అంటినదానిలో నుండి ఆర్ఎన్ఏను వేరుచేసి, డీఎన్ఏగా మార్చి, ఒకటిని రెండు, రెండును నాలుగు చేస్తూ పోతారు. ముప్పై మార్లు రెట్టిస్తే ఒక్కటి 107 కోట్లు అవుతుంది. ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్షా ఇదే. 2020 ఆరంభంలో రాష్ట్రంలో ఆ పరీక్ష చేపట్టిన తొలి ప్రయోగశాలలలో మా ఊరి స్విమ్స్‌ది ఒకటి. ముక్కులో సరకు దండిగా ఉంటుంది, గాలిలో ఉండదు, అదే తేడా.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఆర్ఎన్ఏ దొరికినంత మాత్రాన బ్రతికి ఉన్న వైరస్ దొరికినట్లు కాదు. వాకిలికి ఎండిన మామిడాకుల తోరణం చూస్తే ఈ ఇంట్లో పెళ్ళి జరిగిందని తెలుస్తుందే తప్ప, ఇప్పుడు జరుగుతున్నదని కాదు. అది తేలాలంటే పట్టిన గాలిని సజీవ కణాలపై వేసి, వాటికి సోకుతుందేమో చూడాలి. వారు అదీ చూశారు. సోకగల వైరస్ గాలిలో ఉందని తేల్చారు.

నన్ను కుదిపివేసినవి రెండు అంకెలు. గదిలో రోగి ఒక్కరే ఉన్నా, ఎవరూ లేకున్నా, పట్టిన గాలిలో వైరస్ కనిపించినది నూటికి 15.8 చోట్ల. ఇద్దరు గానీ అంతకు మించి గానీ ఉంటే నూటికి 75.

నాయన మంచాన్ని నా గదిలోకి ఈడ్చుకు రమ్మన్నది నేను.

ఆ అంకెలను మా ఇంటికి నేరుగా అన్వయించడం శాస్త్రం ఒప్పుకోదని నాకు తెలుసు. మరోవైపు వాదన కూడా చదువుకున్నాను. 1959లో వెలువడిన మద్రాసు క్షయ అధ్యయనంలో, ఇరుకు ఇళ్ళలో ఉండి మందులు తీసుకున్నవారి కుటుంబాలకు, శానటోరియంలో చేరినవారి కుటుంబాల కంటే అదనపు ముప్పు కనిపించలేదు. జబ్బు బయటపడక మునుపే అంటవలసినది చాలావరకు అంటిపోయి ఉంటుంది, మందు మొదలైతే తగ్గిపోతుంది. కరోనా కూడా జ్వరం రాకముందే అంటగలదు. అలా చూస్తే మే 2కు ముందే, మేము ముగ్గురమూ కలిసి కూర్చుని సంగటి తిన్న ఏదో ఒక పూటనే అంతా అయిపోయి ఉండవచ్చు. ఈ వాదనను ఎంతో ఇష్టంగా చదివాను, అందుకే దానిని పూర్తిగా నమ్మలేకపోతున్నాను.

ఆ జూన్ ఆదివారం అమ్మ ఊదొత్తుల డబ్బా తీశాను. ఊదొత్తి పొగలోని కణాలు చాలావరకు మైక్రానుకు లోపు ఉంటాయి, గాలి ఎటు పోతే అవీ అటే. ఇంటిని 2021 మే నాటిలాగే అమర్చాను: తూర్పు గది కిటికీ తెరిచి, తలుపు మూసి, మిగిలిన కిటికీలన్నీ బిగించి. ముందు ఫ్యాను వేయకుండా తలుపు క్రింది సందు దగ్గర ఊదొత్తి పట్టుకున్నాను. పొగ నిలువుగా లేచింది. తరువాత వంటగదికి పోయి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి వచ్చాను. పొగ వంగింది. హాలులోకి వంగి, నేల మీదుగా సాగి, అమ్మ చాప పరుచుకునే చోటు దాటి, వంటగది గడప దాటి పోయింది. లోపలి గాలిని ఫ్యాను బయటికి తోస్తే ఆ లోటు ఎక్కడి నుండో పూడాలి గదా. తెరిచి ఉన్న కిటికీ ఇంటి మొత్తానికీ ఒక్కటే, మాది. గాలి అక్కడ లోపలికి వచ్చి, మా మంచాల మీదుగా, తలుపు క్రిందుగా, పొయ్యి దగ్గర నిలబడిన మనిషి దాకా పోయేది. హాలు కిటికీ ఒకటి తెరిచి ఉంటే ఆ లోటులో చాలా భాగం అక్కడి నుండే పూడేది.

ఏటా విద్యార్థులను గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలకు తీసుకుపోతుంటాను. అక్కడి ఎమ్మెస్టీ రాడారుకు 1024 యాంటెన్నాలు, తలకు ఇరవై కిలోమీటర్ల పైన గాలి ఎటు వీస్తున్నదో చెబుతుంది. మా హాలులో ఎటు వీస్తున్నదో చెప్పడానికి రూపాయి ఊదొత్తి సరిపోయింది, ఏడాది ఆలస్యంగా.

నాయన కుర్చీలో కూర్చుని అంతా చూస్తూనే ఉన్నాడు. నేను ఏమీ వివరించలేదు. పొగ రెండోసారి వంగినప్పుడు, "ఫ్యాను ఆపరా," అన్నాడు. ఆపాను. చాలాసేపటికి, "నేను కూడా ఆ గదిలోనే ఉంటిని గదా. నువ్వొక్కడివే ఎందుకు మోస్తావు?" అన్నాడు. ఆ సాయంత్రమే ఫ్యాను విప్పాను.

నాలుగు నెలలు అటక మీద పడి ఉంది. నాయనే ఒకనాడు దించమన్నాడు. వడ్రంగిని పిలిచి తూర్పు గది కిటికీ పైభాగంలో బిగించాము, గాలిని బయటికి తోసేటట్లు. ఎవరికి పడిశం పట్టినా ఇప్పుడు ఆ గదిలో పడుకోవాలి, ఫ్యాను తిరగాలి, హాలు కిటికీలు రెండూ తెరిచి ఉండాలి. దోమలని నా భార్య గొణుగుతుంది. ఫ్యాను రెక్కలకు అమ్మ తాళింపుల జిడ్డు ఇంకా ఉంది, సోడా వేసి రుద్దినా పోలేదు. పండగలకు ఇల్లు కడిగేటప్పుడు నాయన దాని జోలికి పోనివ్వడు.