కుక్కకు గావలసిన చెలిమియు నాటయు

మీ యింట కుక్క యున్నదా యని తరగతిలో మేమడిగినపుడెల్ల పది పన్నెండు చేతులు లేచును. అది దినమంతయు నేమి చేయునని మఱల నడిగితిమేని లేచిన చేతులు మెల్లగా దిగును. "కట్టివేసి యుంచుదుమండీ" యని యొకరిద్దరు చెప్పుదురు. తిండికి లోపము లేదు. పాలును మాంసమును పెట్టుదురు, పండుగనాడు పలావు గూడ పెట్టుదురు. దానితో నెవరైన నాడుదురా యని యడిగినచో మాత్రము తరగతి యంతయు నవ్వును. ఆట పిల్లలకు గాని కుక్కకేల యని వారి తలంపు. ఆ తలంపును గూర్చియే యీ సంచికలో కొన్ని మాటలు వ్రాయుచున్నాము. తలిదండ్రులును దీనిని చదువుదురు గాక. గొలుసు వారి చేతిలో నున్నది గదా.

కుక్క తోడేలు వంశమున పుట్టినది. అది నరునితో చేరి 14,000 ఏండ్లకు తక్కువ కాలేదు. మందలో బ్రదుకుట దాని స్వభావము. మన యింటికి వచ్చిన కుక్కకు మన కుటుంబమే మంద. ఆ మంద లోపల మాటలాడుకొనుచు నవ్వుకొనుచుండగా తాను మాత్రము పెరటిలో గొలుసు చివర నొంటిగా పడియుండుట దానికెట్లుండునో కొంచెము తలచి చూడుడు. అట్టి కుక్క రాత్రులు మొఱుగును, నేల త్రవ్వును, తన కాలిని తానే నాకి నాకి పుండు చేసికొనును. పొగరెక్కినదని యజమాని కఱ్ఱ తీయును. దానికి పొద్దుపోకున్నదని యతనికి తోచదు.

చెలిమి నేర్చుటకు కూనకొక కాలము గలదు. పుట్టిన 10 మొదలు 14 దినములలో అది కన్నులు తెఱచును. మూడవ వారమున దానికి చెవులు వినవచ్చును. అప్పటినుండి సుమారు 12 వారముల వయస్సు వఱకు అది చూచిన మనుష్యులను, విన్న చప్పుళ్లను, కలిసిన జంతువులను తనవిగా నెంచుకొనును. అమెరికా దేశమున మెయిన్ రాష్ట్రమందలి బార్ హార్బరు పట్టణములో ఈ విషయమును ఏండ్ల తరబడి పరిశోధించిరి. అందలి యొక ప్రయోగమున కొన్ని కూనలను ఎత్తైన కంచె గల పొలములో నరుల పొత్తు లేకుండ పెంచి, ఒక్కొక్క జట్టును ఒక్కొక్క వయస్సున వారము దినములు మాత్రము మనుష్యులతో నాడనిచ్చిరి. తగిన వయస్సున ఆడినవి మచ్చికయైనవి. 14 వారముల వఱకు మనుష్యుని యెఱుగని కూనలు మాత్రము ఎంత బుజ్జగించినను అడవి జంతువులవలెనే బెదరుచుండెను. ఈ ఫలితము 1961లో వెలువడెను. స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు 1965లో ప్రకటించిన గ్రంథమున ఈ పరిశోధనల విస్తారము గలదు.

మన యూళ్లలో జరుగునది వేఱు. నడక సరిగా రాని కూనను తల్లినుండి తీసికొని సంచిలో వేసికొని వత్తురు. తోడబుట్టిన కూనలతో పెనగులాడునపుడే, ఎంత గట్టిగా కఱచిన రెండవది కుయ్యిమని ఆట మానునో కూన నేర్చుకొనును. ఆ బడికి పోనిదానికి తన పంటి బలము తనకే తెలియదు. కావున ఎనిమిది వారములైనను దానిని తల్లియొద్ద నుండనీయవలెను. మఱి కొందఱు, టీకాలన్నియు ముగియువఱకు కూనను గడప దాటనీయరు. పార్వో యను వ్యాధి 1978లో బయలుదేరినది మొదలు ఈ భయము హెచ్చినది, భయము న్యాయమైనదే. వీధి నేలపై దింపకుండ చేతులలో నెత్తుకొని బజారు, బస్సుల రొద, గొడుగు పట్టిన ముదుసలి, టోపీ పెట్టిన పోలీసు, వీనినెల్ల చూపి తెచ్చుటకు మాత్రము టీకా అడ్డుగాదు. పసిబిడ్డను చంకనెత్తుకొని చంద్రుని చూపుదుము గదా, అట్లే.

ఇక ఆ కాలము దాటిపోయిన కుక్క మాట యేమి? మా వీధిలో ఒక కుటుంబమువారి మోతీని గూర్చి చెప్పిన ఇది కొంత తెలియును. అది యెఱ్ఱని నాటుకుక్క. జామచెట్టునకు రెండు బారల గొలుసుతో దానిని కట్టి యుంచిరి. రెండేండ్లలో అది తిరిగిన మేర గచ్చుచేసినట్లు గుండ్రముగా నణగిపోయినది. ఒకనాడు పాలు తెచ్చు నతని పిక్కను కఱచెను. ఇంటివారు వెంటనే గాయమును సబ్బుతోను ధారగా పడు నీటితోను 15 నిమిషములు కడిగించి యాసుపత్రికి పంపిరి. ఆ పని మెచ్చదగినది. కాటుపై సున్నము, కారము, పసుపు పూయుట నేటికిని మేము చూచుచున్నాము, అది కూడదు. 1885లో పాశ్చరు ఈ వ్యాధికి టీకా నిచ్చినది మొదలు సకాలమున వైద్యము చేసికొన్నవారు బ్రదుకుచున్నారు; వ్యాధి పైకి కనబడిన పిదప బ్రదుకుట లేదన్నంత యరుదు.

మఱునాడు ఆ యింటి పిల్ల, మా యేడవ తరగతి విద్యార్థిని, కన్నీళ్లతో వచ్చి "మాస్టారుగారూ, మోతీని కాలువ కవతల విడిచి వచ్చెదమని నాన్నగారు చెప్పుచున్నారండీ" అనెను. కుక్క కాటునకు చెప్పుదెబ్బ యను సామెతను ఆ తండ్రి మాతోను చెప్పెను. మేము వాదింపక, రెండు నెలలు దానిని మాకిండని యడిగితిమి. టీకా యెన్నడు వేయించినదియు కాగితము చూచుకొని, వైద్యుడు చెప్పిన దినములు కాచిన తరువాత పని మొదలుపెట్టితిమి.

మొదటి పది దినములు మేము దానిని తాకలేదు. దాని కెదురుగా గాక ప్రక్కకు తిరిగి కూర్చుండి, ఉత్తరపత్రములు దిద్దుకొనుచు, నడుమ నడుమ ఉడికిన మాంసపు ముక్క యొకటి విసరుచుంటిమి. పదునొకండవనాడు అది తానై వచ్చి మా మోచేతిని మూచూచెను. తరువాత తెల్లవారుజామున కాలువగట్టున నడక. అక్కడ మా స్నేహితుని ముసలి ఆడుకుక్క తోడైనది. రెంటిని ముఖాముఖిగా కలుపక, బాట కీవల నొకదానిని ఆవల నొకదానిని ఒకే దిక్కునకు నడిపించితిమి. దినదినము ఎడము తగ్గించితిమి. మూడవ వారమున మోతీ ముందుకాళ్లు నేలకు చాచి, రొమ్ము దించి, వెనుకభాగ మెత్తి తోక యాడించెను. రెండేండ్లు గొలుసున నున్న జంతువు ఆ నమస్కారమును మఱచిపోలేదు! ముసలిది విసుగుకొనుచునే యొక్క గంతు వేసినది.

ఆ వంగుట కుక్కల భాషలో 'ఇక చేయునదంతయు ఆటయే' యనుట. పిదప గుఱ్ఱుమనినను, మెడ పట్టుకొన్నను తప్పు లేదు. మంచి యాటకు గుర్తులు గలవు. తఱుమువాడు కాసేపటికి తఱుమబడును. బలము గలది తానై వెల్లకిల పడును. నడుమ నడుమ రెండును ఆగి ఊపిరి తీసికొనును. ఒకటియే యెప్పుడును క్రిందపడుచు, దాగ చోటు వెదకుచున్నచో అది ఆట గాదు, మెల్లగా విడదీయవలెను. కుక్కతోక వంకర యని నవ్వుదుమే గాని అది యేమి చెప్పుచున్నదో చూడము. నిక్కబొడిచి బిగిసి కదలు తోక స్నేహము గాదు. 2007లో ఇటలీ శాస్త్రజ్ఞులు కొలిచి చూడగా, యజమానిని చూచిన కుక్కతోక కుడిప్రక్క కెక్కువగాను, బలమైన క్రొత్త కుక్కను చూచినపుడు ఎడమప్రక్క కెక్కువగాను ఊగినదట.

మోతీకి మా విద్యార్థిని కనిపెట్టిన యాట యొకటి గలదు. ఆరు కొబ్బరిచిప్పలు బోర్లించి, రెండింటి క్రింద ఎండుచేప ముక్కలుంచి "వెదకు" మనును. కుక్కకు ముక్కుతో వెదకుటకంటె సంతోషము లేదు. పావుగంట వెదకిన పిమ్మట అది పరుగెత్తి వచ్చినదానివలె అలసి నిద్రించును. రెండు నెలలకు తండ్రి వచ్చి చూచి, పెరటికి తలుపు పెట్టించి, గొలుసు విప్పి దానిని తీసికొనిపోయెను. పాలబిందె చప్పుడైన మోతీ నేటికిని మంచము క్రింద దూరును. ఆ సమయమున దానిని లోపలి గదిలో నుంచుదురు.

కుక్కను ఎల్లపుడు కట్టివేసి వ్యాయామము లేకుండ చేయుట మన దేశమున 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము 11వ సెక్షను ప్రకారము నేరమని చెప్పగా ఆ తండ్రి యాశ్చర్యపడెను. ఈ మాట చాలమందికి తెలియదు.

వేసవిలో ఆట ప్రొద్దెక్కక మునుపే కానిండు. కుక్కకు మనవలె మేనంతట చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటయే దాని విసనకఱ్ఱ. తారు రోడ్డుపై మీ అరచేయి నిలువలేని వేళ దాని పాదమును నిలువదు. పిల్లలారా, తినుచున్న కుక్కను, నిదురించు కుక్కను, పిల్లలకు పాలిచ్చు కుక్కను ఆటకు పిలువకుడు. వీధికుక్క దగ్గఱకు వచ్చిన పరుగెత్తక, చేతులు ముడుచుకొని చెట్టువలె నిలువుడు. మీ యింటి కుక్క ముసలిదైనచో బంతి వలదు, కొబ్బరిచిప్పలు చాలును. అయితే ప్రతిదినము ఒకే చిప్ప క్రింద నుంచకుడు, అది రెండు దినములలో కనిపెట్టును.