వైజాగ్ గాలికి అలిగిన పియానో

వైజాగ్ అంటే బీచ్, కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం. మొన్న ఆగస్టులో వెళ్లినప్పుడు ఇవేవీ చూడలేదు. వన్‌టౌన్‌లో మా ఫ్రెండ్ వాళ్ల అమ్మమ్మగారింట్లో, ఓ పాత పియానో ముందు కూర్చుండిపోయా.

తొమ్మిదేళ్ల కిందట తాతగారు పోయాక దాని మూత తీయలేదట. మార్గశిరంలో మనవరాలి పెళ్లి. ఆ రోజు మళ్లీ మోగాలని అమ్మమ్మగారి కోరిక. "వాయించేవాళ్లే లేరు, పాడయ్యేదేముంది నాయనా?" అన్నారు.

నేనూ అదే అనుకున్నా. చెన్నై నుంచి వచ్చిన ట్యూనర్ ముందు పలక ఊడదీసి చూపించాకే అర్థమైంది. కీలు 88. తీగలు మాత్రం 230 దాకా! చాలా కీలకి మూడేసి తీగలు, మూడూ ఒకే గొంతులా పలకాలి. ఒక్కటి జారినా స్వరం వావ్‌వావ్‌మని వణుకుతుంది. తీగల వెనక సౌండ్‌బోర్డ్ అనే పలచటి చెక్క ఉంటుంది. వానాకాలంలో మన తలుపులు ఉబ్బినట్టే అదీ తేమకి ఉబ్బుతుంది, శ్రుతి పైకి పోతుంది. పొడిగాలికి దిగుతుంది. ఎవరూ ముట్టుకోకపోయినా సరే. పైగా ఇక్కడ కిటికీ తీస్తే హార్బర్ ఉప్పుగాలి.

వీణ వాయించేవాళ్లు కచేరీకి ముందు తామే శ్రుతి చేసుకుంటారు. పియానోకి ఆ వీలు లేదు, మనిషి రావాల్సిందే. (డిజిటల్ కీబోర్డు ఉన్నవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు.)

మధ్యలో ఉండే 'ఎ' సెకనుకు 440 సార్లు కంపించాలి. ఇది దాదాపు అరమెట్టు దిగిపోయింది. ఆయన బిగిస్తుంటే ఠప్‌మని ఓ తుప్పు తీగ తెగింది. అమ్మమ్మగారు ఉలిక్కిపడి లేచారు.

"ఒక్కసారే లాగితే ఇంకొన్ని తెగుతాయమ్మా. ఇవాళ సగం, దసరా అయ్యాక సగం. ఏడాదికి రెండుసార్లు చేయించి ఉంటే రెండు గంటల పని" అన్నారాయన. పియానోని కిటికీకి, ఏసీ గాలికి ఎదురుగా పెట్టొద్దనీ చెప్పారు. మీ ఇంట్లోనో, మీ చర్చిలోనో పియానో ఉంటే ఓసారి మూత తీసి చూడండి.

సాయంత్రం అమ్మమ్మగారు ఒక్క వేలితో ఓ కీ నొక్కారు. తీగ తెగినదే. మిగిలిన రెండూ పలికాయి. ఇంకోసారి నొక్కి, గోడ మీది వెంకట్రామా క్యాలెండర్ దింపించి, దసరా తర్వాతి సోమవారం చుట్టూ నాచేత గుండ్రంగా గీయించారు.